క్యాన్సర్ రోగి వెంట ఉండేవారి మాటేమిటి? నాలుగు దశాబ్దాల పరిశోధన చెబుతున్నదేమిటి?

క్యాన్సర్ ఆసుపత్రిలో కొత్త రోగి పేరు, వయసు, ఊరు రాసుకున్న తరువాత నమోదు గుమాస్తా అడిగే ప్రశ్న ఒకటుంది: "వెంట ఎవరొచ్చారు?" జవాబుగా చెప్పిన పేరు అటెండెంట్ పాసు మీదికి ఎక్కుతుంది. రిపోర్టులు మోయడం, రక్తదాతలను వెతకడం, బిల్లు కట్టడం, మందుల దుకాణం ముందు వరుసలో నిలబడటం, రాత్రి మంచం పక్కన చాప పరుచుకోవడం ఇక ఆ మనిషి పనే. రోగి ఇంటికి చేరాక మందుల వేళలు చూడటం, గాయం శుభ్రం చేయడం, అన్నం తినిపించడం, చివరి రోజుల్లో ఊపిరి ఎలా ఆడుతున్నదో చూస్తూ కూర్చోవడం కూడా ఆ మనిషికే మిగులుతాయి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'గ్లోబోకాన్' అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 14.1 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ సోకింది, సుమారు 9.2 లక్షల మంది ఆ వ్యాధితో మరణించారు. క్యాన్సర్ రిజిస్ట్రీలు రోగిని లెక్కిస్తాయి. పాసు మీద పేరున్న మనిషిని లెక్కించవు.

ఆ మనిషిని ఏమని పిలవాలన్నదీ తేలని విషయమే. ఇంగ్లిషులో 'కేర్‌గివర్' అన్న మాట స్థిరపడింది. తెలుగు పత్రికలు 'సంరక్షకులు' అని రాస్తున్నాయి గానీ, ఆ మాట వినగానే బడి దరఖాస్తులో తల్లిదండ్రుల పేరు పక్కనుండే గడి గుర్తుకొస్తుంది. ఇళ్లలో వాడుకలో ఉన్నది 'చూసుకోవడం'. "అత్తగారిని చివరిదాకా కోడలే చూసుకుంది" అంటారు. క్రియ ఉంది, చూసుకునే మనిషికి నామవాచకం మాత్రం కుదరలేదు. మరో మంచి మాట దొరికేదాకా ఈ వ్యాసంలోనూ 'సంరక్షకులు' అనే వాడక తప్పదు.

కుటుంబం నిర్వచనంలోకి వచ్చిన క్రమం

సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను ప్రారంభించినప్పుడు ఆధునిక హాస్పైస్ ఉద్యమానికి రూపం వచ్చింది. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తరువాత వైద్యవిద్య చదివిన ఆమె 'సంపూర్ణ వేదన' అనే భావనను ప్రతిపాదించారు. రోగి బాధ శరీరానికి మాత్రమే పరిమితం కాదని, మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక బాధలు అందులో పెనవేసుకుని ఉంటాయని దాని సారం. సామాజిక బాధ అన్నప్పుడు కుటుంబం దానంతట అదే లోపలికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన పాలియేటివ్ కేర్ నిర్వచనం ఈ విషయాన్ని స్పష్టంగానే చెప్పింది. ప్రాణాంతక వ్యాధి ఎదురైన రోగుల జీవన నాణ్యతతో పాటు వారి కుటుంబాల జీవన నాణ్యతనూ మెరుగుపరచడం లక్ష్యమని, అనారోగ్య కాలంలోనూ మరణానంతర దుఃఖంలోనూ కుటుంబానికి ఆసరా ఇవ్వడం అందులో భాగమని పేర్కొంది.

ఆచరణ ఎంతో వెనుకబడి ఉంది. ఏటా సుమారు 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్ అవసరమని, అందుతున్నది దాదాపు 14 శాతం మందికేనని ఆ సంస్థే అంచనా వేసింది. రోగికే అందని సేవ కుటుంబానికి అందడం ఇంకా అరుదు.

బరువును కొలిచే ప్రయత్నం

ఈ రంగంలో ఎక్కువగా వాడే కొలమానం క్యాన్సర్ కోసం పుట్టింది కాదు. మతిమరుపు వ్యాధితో బాధపడే వృద్ధుల బంధువుల కోసం స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు 1980లో 29 ప్రశ్నల జాబితా ఒకటి ప్రచురించారు. తరువాత అది 22 ప్రశ్నలకు కుదిరింది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 88. మీకంటూ సమయం మిగలడం లేదనిపిస్తోందా, ఆరోగ్యం దెబ్బతిన్నదనిపిస్తోందా, ఇంకా చేయవలసింది ఉందనిపిస్తోందా అన్న తరహాలో ప్రశ్నలు సాగుతాయి. ఆ తరువాత క్యాన్సర్ వార్డులలోనూ ఈ పట్టికనే విస్తృతంగా వాడారు.

బరువు ఉందని తేలిన తరువాత, దానివల్ల ప్రాణానికే ముప్పా అన్న ప్రశ్న వచ్చింది. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో 'జామా' పత్రికలో ప్రచురించిన అధ్యయనం పేరు అందరి నోటా వినిపించింది. జీవిత భాగస్వామిని చూసుకుంటున్న 392 మందిని, అలాంటి బాధ్యత లేని 427 మందిని వారు నాలుగేళ్లు గమనించారు. అందరూ 66 ఏళ్లు పైబడినవారు. చూసుకుంటూ, ఆ పనివల్ల ఒత్తిడికి లోనవుతున్నామని చెప్పినవారిలో మరణ ముప్పు 63 శాతం ఎక్కువగా కనిపించింది. వార్తల్లోకి ఎక్కింది ఈ అంకె ఒక్కటే. అదే అధ్యయనంలో, చూసుకుంటున్నప్పటికీ ఒత్తిడి లేదన్నవారిలో ముప్పు పెరగలేదన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు.

పద్నాలుగేళ్ల తరువాత, 2013లో, డేవిడ్ రాత్ బృందం అమెరికాలో 3,500 మందికి పైగా సంరక్షకులను, వయసు తదితర అంశాల్లో వారితో సరిపోలే ఇతరులను పోల్చి చూసింది. ఈసారి ఫలితం తిరగబడింది: సంరక్షకుల్లో మరణాల రేటు 18 శాతం తక్కువ. రెండు అధ్యయనాలూ క్యాన్సర్‌కు పరిమితమైనవి కావు. వయోవర్గాలు, పద్ధతులు వేరు. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. చూసుకోవడం అనే పని తనంతట తాను మనిషిని చంపదు. ఏ పరిస్థితుల్లో, ఎంత తెలిసి, ఎవరి తోడుతో చేస్తున్నారన్నదే తేడా తెస్తోంది. తరువాతి పరిశోధనలో విలువైన భాగమంతా ఆ పరిస్థితుల చుట్టూ తిరిగినదే.

చేతికి వచ్చే పని, నేర్పని పని

ముదిరిన క్యాన్సర్ రోగిని ఇంటికి పంపేటప్పుడు కుటుంబానికి అప్పగించే పనుల్లో చాలా వరకు నర్సింగ్ కళాశాలలో నేర్పేవే. మామూలు మార్ఫిన్ మాత్రను సాధారణంగా నాలుగు గంటలకొకసారి, నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, వేళ ప్రకారం ఇవ్వాలి. మార్ఫిన్ మొదలుపెడితే మలబద్ధకం దాదాపు తప్పదు గనుక దానికి మందు కూడా వెంటనే మొదలుపెట్టాలి. కదలలేని రోగిని సుమారు రెండేసి గంటలకు పక్కకు తిప్పకపోతే వీపు, పిరుదులు, మడమల మీద పుండ్లు పడతాయి. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ గాయాలు కుళ్లి వాసన వస్తే, వైద్యుల సూచన మేరకు మెట్రోనిడజోల్ మాత్రను పొడి చేసి గాయం మీద చల్లడం భారతదేశంలో పాలియేటివ్ కేర్ బృందాలు నేర్పే చవకైన ఉపాయం. ఆ వాసన వల్లనే మనవలు గదిలోకి రావడం మానేసిన ఇళ్లుంటాయి. రూపాయల్లో తీరే సమస్య అది. చెప్పేవారు లేకపోతే తీరదు.

తిండి సంగతి ఇంకా కఠినం. "నాలుగు ముద్దలైనా తినడం లేదు" అన్నది వైద్యుల ముందు కుటుంబాలు తరచుగా పెట్టే మొర. ముదిరిన క్యాన్సర్‌లో ఆకలి చచ్చిపోవడం, కండ కరిగిపోవడం వ్యాధిలో భాగమే. చివరి రోజుల్లో శరీరం ఆహారాన్ని వాడుకునే స్థితిలో ఉండదు. బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఎవరూ చెప్పని కూతురు, తాను సరిగా పెట్టలేకపోవడం వల్లనే తల్లి చిక్కిపోయిందన్న నమ్మకంతో ఏళ్ల తరబడి బతకవచ్చు. జారిట్ పట్టికలోని 'ఇంకా చేయవలసింది ఉందనిపిస్తోందా' అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబు ఏమిటో ఊహించడం కష్టం కాదు.

ఈ పని ఎవరి మీద పడుతోంది? అమెరికాలో 988 మంది మరణాసన్న రోగులపై ఎజెకియెల్ ఇమాన్యుయెల్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో ప్రధాన సంరక్షకుల్లో 96 శాతం మంది కుటుంబసభ్యులే. 72 శాతం మంది స్త్రీలు. భారత ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది, పురుషులలో 21.4 శాతం మంది ఇంటివారి సంరక్షణలో పాల్గొంటున్నారు. అలా పాల్గొనే స్త్రీలు రోజుకు సుమారు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల పెంపకం కూడా ఈ లెక్కలోనే కలిసి ఉంది గనుక దీన్ని రోగుల సేవకు నేరుగా అన్వయించలేం. పని ఎటు వాలుతున్నదో మాత్రం తెలుస్తుంది.

ముందుగా చేరిన సాయం

ఏం చేస్తే బరువు తగ్గుతుంది? లారెల్ నార్త్‌హౌస్ బృందం 2010లో క్యాన్సర్ సంరక్షకులకు ఉద్దేశించిన 29 యాదృచ్ఛిక ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించింది. వ్యాధి గురించి బోధించడం, నైపుణ్యాలు నేర్పడం, కౌన్సెలింగ్ అనే మూడు తరహాల సాయం వాటిలో ఉంది. ఫలితాలు అద్భుతమేమీ కాదు, చిన్న స్థాయి నుంచి మధ్యస్థం వరకు. అయితే భారం తగ్గడం, తట్టుకునే శక్తి, చేయగలమన్న నమ్మకం పెరగడం నిలకడగా కనిపించాయి.

అదే ఏడాది జెన్నిఫర్ టెమెల్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిపై చేసిన ప్రయోగం క్యాన్సర్ వైద్యలోకాన్ని కదిలించింది. వ్యాధి బయటపడినప్పటి నుంచే పాలియేటివ్ కేర్ కూడా అందినవారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, మామూలు చికిత్స మాత్రమే అందినవారిది 8.9 నెలలు. వారి జీవన నాణ్యత కూడా మెరుగ్గా ఉంది. కుటుంబాల సంగతి తరువాతి ప్రయోగంలో తేలింది. అరీజ్ ఎల్-జవాహరి బృందం 2017లో 275 మంది సంరక్షకుల వివరాలు ప్రచురించింది. ముందుగా పాలియేటివ్ కేర్ అందిన రోగుల సంరక్షకుల్లో 12వ వారానికి మానసిక వ్యథ, కుంగుబాటు లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ఆదుర్దాలో మాత్రం తేడా రాలేదు. గమనించవలసిందేమంటే, ఆ ప్రయోగం సంరక్షకుల కోసం ప్రత్యేకంగా రూపొందించినది కాదు. రోగిని బాగా చూసినందువల్ల ఇంటివారికీ మేలు జరిగింది.

సంరక్షకులకే నేరుగా సాయం చేసి చూసిన ప్రయోగం 'ఎనేబుల్-3'. నర్సులు ఫోన్‌లో వారానికొకసారి చొప్పున మూడు విడతలు మాట్లాడి, సమస్యలను ఎలా విడదీసుకోవాలో, తమను తాము ఎలా చూసుకోవాలో నేర్పారు. ఆ తరువాత నెలకొకసారి పలకరించారు. కొందరికి ఈ సాయం వెంటనే, మరికొందరికి మూడు నెలలు ఆగి అందింది. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం ముందుగా మొదలైనవారిలో కుంగుబాటు తక్కువ. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. ఫోన్, శిక్షణ పొందిన నర్సు, సరైన సమయం ఉంటే చాలు. చెయ్యి దాటిన తరువాత "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అనే మాటతో పాటు పాలియేటివ్ కేర్ చీటీ రాసిచ్చే అలవాటుకు ఈ ఫలితం సూటిగా తగులుతుంది.

బ్రిటన్‌లో గన్ గ్రాండే, గెయిల్ యూయింగ్ రూపొందించిన 'సీఎస్‌నాట్' అనే ప్రశ్నావళి మరో మలుపు. ఎంత బరువుగా ఉందని అది అడగదు. ఏ విషయంలో ఇంకా సాయం కావాలని అడుగుతుంది. మొదట 14 అంశాలతో వచ్చిన ఈ పట్టికలో సగం రోగిని చూసుకోవడానికి కావలసినవి: జబ్బును అర్థం చేసుకోవడం, మందులు ఇవ్వడం, ముందు ముందు ఏం జరగబోతుందో తెలియడం, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం. మిగిలిన సగం సంరక్షకులకే కావలసినవి: తమ ఆరోగ్యం, డబ్బు, మనసులోని మాట, రాత్రిపూట కాస్త విరామం. భారం ఎంతో చెప్పే 88 మార్కుల అంకె కన్నా, ఏం చేయాలో చెప్పే ఈ జాబితా నర్సు చేతికి ఎక్కువ పనికొస్తుంది.

"ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ"

పైన చెప్పిన ప్రయోగాల్లో అత్యధికం పాశ్చాత్య దేశాలవి. తన జబ్బేమిటో రోగికి తెలుసుననే ఊహ మీద అవి నడిచాయి. భారతీయ కుటుంబాల్లో ఆ ఊహ తరచుగా నిలబడదు. బయాప్సీ ఫలితం ముందుగా చేరేది కొడుకుకో అల్లుడికో. ఆ తరువాత వినిపించే మాట ఒక్కటే: "ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు."

వైద్య సాహిత్యం దీన్ని 'కొల్యూజన్' అంటుంది. తెలుగులో 'లోపాయికారీ' అని అనువదిస్తే కుట్ర వాసన కొడుతుంది. ఇక్కడ ఉన్నది కుట్ర కాదు, భయంతో కూడిన ప్రేమ. బెంగళూరులోని నిమ్హాన్స్‌కు చెందిన సంతోష్ చతుర్వేది తదితరులు ఈ అంశంపై వివరంగా రాశారు. దాచడం వెనుక ఉన్న ఉద్దేశం రోగిని కాపాడటమే. అయితే కీమోథెరపీ వార్డులో పక్క మంచాలను చూస్తున్న రోగి చాలాసార్లు ఏదో ఒకటి ఊహిస్తాడు. ఇంటివారు బాధపడతారని తానూ అడగడు. ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు అదే సంగతి దాచుకుంటారు. వీలునామా, కూతురి పెళ్లి, కడసారి చూడాలనుకున్న తమ్ముడు, ఇవన్నీ ఆ మౌనంలో ఉండిపోతాయి. రహస్యం మోసే భారం జారిట్ పట్టికలోని ప్రశ్నలకు అందేది కాదు.

కుటుంబం మాటను తోసిపుచ్చి రోగికి చెప్పేయడమూ, కుటుంబం చెప్పిందని అబద్ధమాడటమూ రెండూ సరికావని పాలియేటివ్ కేర్ శిక్షణ చెబుతుంది. ఎందుకు వద్దంటున్నారో ముందు వినాలి. దాచడం వల్ల వారి మీద పడుతున్న భారాన్ని గుర్తించాలి. రోగికి ఇప్పటికే ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలని ఉందో అడిగి చూడటానికి వారి అంగీకారం తీసుకోవాలి. ఇందుకు సమయం కావాలి. ఓపీలో వందమంది వేచి ఉన్న వైద్యుడి దగ్గర లేనిది అదే.

మాట్లాడటం వల్ల కుటుంబానికి ఒరిగేదేమిటో అలెక్సీ రైట్ బృందం 2008లో 'జామా'లో చూపింది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 332 మంది రోగులను, వారి సంరక్షకులను అనుసరించిన ఆ అధ్యయనంలో, చివరి దశ గురించి వైద్యులతో మాట్లాడిన రోగులకు వెంటిలేటర్, ఐసీయూ వంటి తీవ్ర చికిత్సలు తక్కువగా జరిగాయి. అలా మాట్లాడిన రోగులు ఎక్కువగా కుంగిపోలేదు. తీవ్ర చికిత్సల మధ్య ఆప్తులను పోగొట్టుకున్నవారిలో ఆ తరువాత కుంగుబాటు వ్యాధి ముప్పు ఎక్కువగా ఉంది.

ఇల్లు, ఐసీయూ

అదే పరిశోధకులు 2010లో మరణం ఎక్కడ సంభవించిందన్న కోణంలో చూశారు. రోగి ఐసీయూలో మరణించిన కుటుంబాల్లో 21.1 శాతం మంది సంరక్షకులకు తీవ్ర మానసికాఘాత రుగ్మత కనిపించింది. హాస్పైస్ సేవల మధ్య ఇంట్లో మరణించినవారి విషయంలో ఇది 4.4 శాతం.

ఈ అంకెను భారతదేశానికి తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. 'ఇల్లు' అని అక్కడ లెక్కించింది నర్సు వచ్చిపోయే, నొప్పి మందు అందుబాటులో ఉండే ఇంటిని. మార్ఫిన్ లేని ఇంట్లో, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియని పల్లెలో సంభవించే మరణానికి ఆ ఊరట వర్తించదు.

మార్ఫిన్ కొరతకు చట్టపరమైన కారణమొకటి ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్కో రాష్ట్రంలో పలు శాఖల లైసెన్సులు తీసుకోవలసి రావడంతో ఆసుపత్రులు దాన్ని నిల్వ ఉంచడమే మానుకున్నాయి. 2014 సవరణ దేశమంతటికీ ఒకే తరహా నిబంధనలు తెచ్చింది. అయినా మందు దొరికే చోట్లు నేటికీ పరిమితమే. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి తెలుగు ప్రాంతంలో ఈ సేవకు పాత కేంద్రాల్లో ఒకటి. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల పాలియేటివ్ కేర్ కేంద్రాలతో పాటు, 'ఆలన' పేరుతో రోగి ఇంటికి వెళ్లే వాహనాలు కూడా ఏర్పాటయ్యాయి.

కుటుంబానికి ఆసరా అనే విషయంలో దేశంలో ముందుగా చెప్పుకోవలసింది కేరళను. ఎం.ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్ తదితరులు 1993లో కోజికోడ్‌లో ప్రారంభించిన సొసైటీ నుంచి, ఇరుగుపొరుగు స్వచ్ఛంద కార్యకర్తలే రోగుల ఇళ్లకు వెళ్లే వ్యవస్థ పుట్టింది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించి, స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించింది. మరణంపై 2022లో వెలువడిన లాన్సెట్ కమిషన్ నివేదిక ఈ నమూనాను ప్రత్యేకంగా ప్రస్తావించింది. మంచం పట్టిన రోగులను చూసుకునేవారికి 'ఆశ్వాసకిరణం' పథకం కింద కేరళ నెలకు 600 రూపాయలు ఇస్తుంది. రోజు కూలీ పోగొట్టుకుని కూర్చున్నవారికి ఆ మొత్తం ఎన్నాళ్లకు సరిపోతుందన్నది వేరే మాట. డబ్బు రోగి పేరున కాక, చూసుకునేవారి పేరున రావడం మాత్రం చిన్న విషయం కాదు. కెనడాలో మరణాసన్న ఆప్తులను చూసుకునే ఉద్యోగులకు ఉపాధి బీమా కింద 26 వారాల వరకు భృతి లభిస్తుంది.

వెంటిలేటర్ తీయాలా వద్దా అన్న నిర్ణయం కూడా చివరకు సంరక్షకుల మీదికే వచ్చి పడుతుంది. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ముందస్తు వైద్య ఆదేశాలకు చట్టబద్ధత కల్పించి, 2023 జనవరి 24న ఆ ప్రక్రియను సరళం చేసింది. ఇప్పుడు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతుంది; మెజిస్ట్రేటు సంతకం అక్కరలేదు. రోగి తన ఇష్టాన్ని ముందే రాసి ఉంచితే, ఐసీయూ తలుపు ముందు నిలబడిన కొడుకు తానే తండ్రిని వదులుకున్నానని అనుకోనవసరం ఉండదు.

పదకొండో రోజు తరువాత

మరణంతో రోగి ఫైలు మూతపడుతుంది. వచ్చిపోయే బంధువులు పెద్దకర్మ దాకా ఉంటారు. ఆ తరువాత ఇల్లు ఖాళీ అవుతుంది. నెలల తరబడి మందుల వేళకు అలారం పెట్టుకుని లేచిన మనిషికి ఆ వేళకు మెలకువ వస్తూనే ఉంటుంది.

దుఃఖం జబ్బు కాదు. అధిక శాతం మంది కాలక్రమంలో తేరుకుంటారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారి తలపుకూ, బతుకు పనులకూ మధ్య ఊగుతూ ఉంటాడు; ఆ ఊగిసలాటే కోలుకునే దారి. కొందరిలో మాత్రం అది ఆగిపోతుంది. దీన్ని 'దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత'గా గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కనీసం ఆరు నెలల గడువు పెట్టింది. ఆ మనిషి సమాజంలోని ఆచారాలకు, కట్టుబాట్లకు మించి దుఃఖం కొనసాగాలన్న షరతు కూడా చేర్చింది. అమెరికా మనోవైద్యుల డీఎస్ఎం-5-టీఆర్ (2022) పెద్దల విషయంలో ఏడాది అంటుంది. మాసికాలు, సంవత్సరీకం పాటించే ఇళ్లలో తొలి ఏడాదంతా దుఃఖం క్రమం తప్పకుండా పలకరిస్తూనే ఉంటుంది గనుక ఆరు నెలల గీతను ఇక్కడ యాంత్రికంగా గీయలేం. అయితే పోయినవారి తలపే తప్ప మరో ధ్యాస లేకపోవడం, తాను సరిగా చూసుకోలేదన్న నిందను వదలలేకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం వంటివి కనిపిస్తే గడువుల కోసం చూడకుండా సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరులో రోజంతా ఉచితంగా, తెలుగులోనూ అందుబాటులో ఉంది.